నాలుగో నంబరు ఆడిన ముగ్గురు

ఉద్యోగం ముగిసి మూడేళ్లయింది. ఇప్పటికీ మే నెలలో పదకొండు గంటల ఎండ సిమెంటు నేల మీద పడి కళ్లలోకి కొడితే నా చేతులు చల్లబడతాయి. ఇంట్లో ఉంటే తలుపు వేసుకుంటాను. దారిలో ఉంటే ఏదో ఒక దుకాణంలోకి దూరి, అక్కర్లేని సబ్బు ఒకటి కొనుక్కుని, గుండె కుదుటపడేదాకా అక్కడే నిలబడతాను. నంద్యాల దుకాణదారులంతా నాకు తెలిసినవాళ్లే కాబట్టి ఎవరూ ఏమీ అడగరు.

బాలికల బడిలో డ్రిల్లు టీచరుగా చేరి, పి.డి. మేడంగా బయటికి వచ్చాను. మధ్యలో ముప్ఫై ఏళ్లకు పైగా బాస్కెట్‌బాల్ నేర్పాను. ఈమధ్య అవుకు దగ్గర ఒక బడిలో కొత్తగా చేరిన పి.ఇ.టి. అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, పిల్లోళ్లు మాట వినాలంటే ఏం చేయాల?" అని అడిగింది. "కఠినంగా ఉండమ్మా, వాళ్లే వింటారు" అన్నాను, అలవాటుగా. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే భయం వేసింది. ఇంత జరిగాక కూడా నా నోట అదే మాట వచ్చిందంటే నేను నేర్చుకున్నదేమిటి? ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, సర్వీసు రిజిస్టర్ల గురించి చెప్పేవాళ్లు ఆమెకు చాలామంది దొరుకుతారు. ఇది మాత్రం నేనే చెప్పాలి.

మెట్ల మీది పంచాయితీ

ప్రతి వేసవి శిబిరంలో ఒకరోజు మా పాత ఆటగత్తెలంతా బడికి వచ్చేవాళ్లు. నంద్యాల వాళ్లు ఉగ్గాని, బజ్జీలు తెచ్చేవాళ్లు. ఆళ్లగడ్డ వాళ్లు ఇంటి దగ్గర తినేసి వచ్చి, ఇక్కడ మళ్లీ తినేవాళ్లు. కోర్టు పక్కన మెట్ల మీద కూర్చుని చేతులు కడుక్కోవడం ఆలస్యం, పంచాయితీ మొదలు. ఇన్నేళ్లలో మన దగ్గర నాలుగో నంబరు ఎవరు బాగా ఆడారు?

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బాస్కెట్‌బాల్‌లో జట్టుకు అయిదుగురు. అందులో నాలుగో నంబరును పవర్ ఫార్వర్డ్ అంటారు. రింగు కింద తోపులాటంతా ఆమెదే. రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతిని పట్టాలి, మోచేతి దెబ్బలు తినాలి, అవతలి పొడుగుదాన్ని వీపుతో ఆపాలి, ఇంత చేశాక పాయింట్లు కూడా వేయాలి. పేపర్లో ఫోటో మాత్రం దూరం నుంచి బంతి వేసిన పిల్లదే పడుతుంది. అందుకే నాకు నాలుగో నంబరు పిల్లలంటే మొదటినుంచీ పక్షపాతం.

మా పంచాయితీలో మూడు పేర్లే ఉండేవి. మార్త నా ఉద్యోగం తొలి రోజుల పిల్ల. గోస్పాడు దగ్గర కూలి చేసుకునే ఇంటి నుంచి వచ్చింది, భుజాలు మగపిల్లల్లా ఉండేవి. తర్వాత పదేళ్లకు షమీమ్. ఆళ్లగడ్డ పిల్ల, ఎడమచేతి వాటం. ఇప్పటి కాలానికి కరుణ. ఆమెదీ ఆళ్లగడ్డే, నంద్యాలలో డిగ్రీ చదువుతూ మా ఊరి జట్టుకు ఆడేది.

"మార్తక్క ముందర ఎవురూ నిలబడల్యా" అని పాతవాళ్లు మొదలుపెట్టేవాళ్లు. "మట్టి కోర్టు, చెక్క బోర్డు, ఉత్త కాళ్లు. అట్ల ఆడేటోళ్లు ఇప్పుడు యాడుండారు?"

"బంతి పడతాది, ఒప్పుకుంటా. పట్టినంక ఏం జేసేది? పక్కోళ్లకిచ్చేది" అని షమీమ్ వర్గం. "షమీమ్ ఎడమ చేత్తో బోర్డుకు కొట్టి ఏస్తాంటే, కండ్లు మూసుకోని ఏసినట్లుండె."

"మీ కాలంలో మూడు పాయింట్ల గీతే గీయలేదంట గదక్కా" అని పిల్లలు నవ్వేవాళ్లు. "కరుణక్క ఆ గీత కాడ్నుంచి ఏస్తాది, మల్లా ఉరికొచ్చి రింగు కింద బంతి పడతాది. ఆళ్లిద్దరు కలిస్తే ఒక కరుణక్క."

"ఏమ్మే, మీకు పది నిమిషాలకొకసారి ఇడుపు. మాకు ఇరవై నిమిషాలు ఏకబిగిన. ఆడి చూపియ్యండి!"

నిజం చెప్పాలంటే కాలాలను పోల్చడం కుదరని పని. మట్టిలో బంతి లేవదు. అరిగిన రబ్బరు బంతి చేతిలో నిలవదు. జొన్నరొట్టె తిని వచ్చిన మార్తకు బూట్లు, క్రేపు బ్యాండేజీ ఇస్తే ఎలా ఆడేదో, కరుణను ఆ మట్టిలో వదిలితే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ఈ సంగతి నాకూ తెలుసు. అయినా చివరకు అందరూ నా వైపు తిరిగేవాళ్లు. నేను ప్రతి ఏడూ అదే తీర్పు చెప్పేదాన్ని.

"మార్త. ఎందుకంటే మొత్తం మ్యాచ్ నోరు తడపకుండా ఆడింది అదొక్కతే."

అంతటితో పంచాయితీ ముగిసేది. మార్త తల వంచుకుని చీర చెంగు సర్దుకునేది. వినయం అనుకునేదాన్ని.

నీళ్ల నియమం

ఈ నోరు తడపకపోవడం అనే కొలత నాకెక్కడ అంటుకుందో చెప్పాలి. నేను చేరిన కొత్తలో మా మీద ఒక పాత డ్రిల్లు మాస్టరు ఉండేవాడు. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. ఆటలో నీళ్లు తాగితే కడుపు బరువెక్కుతుందని, ఊపిరి ఆడదని, అన్నిటికన్నా ముఖ్యంగా మనసు మెత్తబడుతుందని ఆయన నమ్మకం. ప్రాక్టీసు మొదలవగానే కుండ మీద మూత పెట్టి, మూత మీద ఇటుక పెట్టేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. సొంత జీతంతో పిల్లలకు గుడ్లు కొనిపెట్టేవాడు. ఆయనకు అలాగే నేర్పారు, ఆయన నాకు నేర్పాడు. ఎందుకని అడగాలని ఇద్దరికీ తోచలేదు.

ఆయన పోయాక ఇటుక పెట్టే పని నాది. పిల్లలు నన్ను చూస్తే గజగజలాడేవాళ్లు. విజిల్ నోట్లో పెట్టుకోకముందే వరసలో నిలబడేవాళ్లు. ఒక హెడ్‌మిస్ట్రెస్ మాత్రం ఒకసారి నన్ను గదిలోకి పిలిచి, "సుగుణా, పిల్లలకు నీళ్ల ఏర్పాటు చేసినావా?" అని అడిగింది. లెక్కల టీచరు నాకు ఆట నేర్పుతుందా అని కోపం తెచ్చుకుని, నెల రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. నా పైన పనిచేసిన వాళ్లందరిలో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

కాలం మారింది. నా చివరి ఏళ్లలో పిల్లలు బాటిళ్లు తెచ్చుకునేవాళ్లు. నేను వద్దనలేదు, పత్రికల్లో రాస్తున్నవి నేనూ చదివాను. కాకపోతే ఆట మధ్యలో ఎవరైనా మూత తిప్పితే ఒక చూపు చూసేదాన్ని. నోరు తెరిచి ఒక్క మాట అన్నది లేదు. అయినా మూతలు మళ్లీ బిగిసేవి. నియమం తీసేశానని నేను అనుకుంటూ ఉండేదాన్ని.

షమీమ్‌ను కూర్చోబెట్టిన రోజు

షమీమ్ సంగతి ఇంకా ఇటుక ఉన్న రోజులది. నంద్యాలలోనే ఫైనల్. సగం ఆట అయ్యేసరికి మేము ముందున్నాం, పాయింట్లు సగం షమీమ్‌వే. విరామంలో ఆ పిల్ల నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మేడం, నాకు కండ్లు తిరుగుతాండాయి. నీళ్లు తాగుతా."

"తాగితే కూర్చోవాల్సిందే" అన్నాను.

అందరూ చూస్తుండగా కుండ దగ్గరికి పోయి, ఇటుక తీసి కింద పెట్టి, రెండు చెంబులు తాగింది. నేను రెండో సగమంతా ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాను. రెండు పాయింట్లతో ఓడిపోయాం. ఆమె వల్లే ఓడామని ఊరంతా చెప్పాను. మరుసటి ఏడు షమీమ్ ఆట మానేసింది. ఇప్పుడు ఆళ్లగడ్డలో బట్టల దుకాణం నడుపుతోంది. పంచాయితీకి ఎన్నడూ రాలేదు, ఆమె వర్గం వాళ్లే వచ్చి వాదించేవాళ్లు.

ఇటుక తీసిన ఆ చేతులు వణికాయని నాకు గుర్తు. పొగరు అనుకున్నాను. నాకు ఎదురు చెప్పడానికి ఆ పిల్ల ఎంత భయాన్ని దాటి వచ్చిందో ఆనాడు తెలియలేదు.

కరుణ

కరుణ పన్నెండేళ్ల వయసులో మా బడి హాస్టల్‌కు వచ్చింది. అప్పటికే నా భుజం దాటింది. వాళ్ల నాయన ఆళ్లగడ్డలో ఆటో నడుపుతాడు. బిడ్డను దింపడానికి వచ్చినప్పుడు, "మీ చేతుల్లో పెడతాండా మేడం" అని ఒక్క మాట చెప్పి వెళ్లాడు. నేను చూసిన పిల్లల్లో అన్నీ వచ్చిన పిల్ల ఇదే. బంతి ఎటు తిరిగి వస్తుందో ముందే తెలిసినట్టు అక్కడ ఉండేది. ఒకటే లోపం, మెచ్చుకుంటే నమ్మేది కాదు. మెచ్చుకోవడం నాకూ చేతకాదు. బాగా ఆడిన రోజు కూడా, "మార్త అయితే ఇంకో నాలుగు పట్టేది" అని పంపేదాన్ని.

రిటైరయ్యాక కూడా శిబిరం నేనే నడిపాను. ఆ ఏడు పంచాయితీ అయిన మరుసటి రోజే ఆళ్లగడ్డలో, ఆళ్లగడ్డ అమ్మాయిల జట్టుతో మా మ్యాచ్ ఉంది. మెట్ల మీద నేను ఎప్పటి తీర్పు చెప్పాను. అందరూ లేచాక కరుణ నా దగ్గరే ఉండిపోయింది.

"నిజంగా ఒక్క గుక్క గూడా తాగల్యానా మేడం, మార్తక్క?"

"ఒక్క గుక్క కూడా."

పిల్ల వంగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది.

ఆళ్లగడ్డ

మ్యాచ్ పొద్దున ఆరున్నరకు పెట్టుకున్నాం. ముఖ్య అతిథి వచ్చి టాస్ వేసేసరికి పదకొండయింది. ఆయన్ని తిట్టుకోవడం తేలిక. ఇంటికి పోదాం పదండి అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది, ఆ మాట అనలేదు. సొంత ఊళ్లో ఆడుతున్నానని కరుణ వాళ్ల నాయన్ను కూడా పిలిచింది. షామియానా కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మార్త కూడా వచ్చింది. ఆమె ఇప్పుడు గోస్పాడులో ఆశా కార్యకర్త.

మొదటి సగంలో కరుణ ఆడిన ఆట నేను జీవితంలో చూడలేదు. అవతలి పిల్లలు ఇద్దరేసి పట్టుకున్నా వదిలించుకుని బంతి తెచ్చేది. విరామంలో అందరూ బాటిళ్ల మీద పడ్డారు. కరుణ నా ఎదురుగా నిలబడి ఉంది. తాగిందో లేదో నేను చూడలేదు. చూడలేదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. చూశాను. చేతికిచ్చిన బాటిల్‌ను పక్కనున్న పిల్లకు ఇచ్చేసింది. నాకు గర్వంగా అనిపించింది.

మూడో భాగంలో ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అంత ఎండలో చలికి వణికినట్టు వణికింది. మొహం మీద చెమట చుక్క లేదు, చర్మం ఎర్రగా, ఎండిపోయి ఉంది. అన్నీ నా కళ్లకు కనిపించాయి. సొంత ఊరు కదా, బెరుకు అనుకున్నాను. అంతలో బంతి అందుకుని మా సొంత రింగు వైపే పరిగెత్తింది. జనం పడి పడి నవ్వారు. "ఏమ్మే, నీ రింగు యాడుంది?" అని నేనూ అరిచాను. ఆమె నా గొంతు వచ్చిన వైపు తల తిప్పి, నిలబడిన చోటే కూలిపోయింది.

అందరికన్నా ముందు కోర్టులోకి దూకింది మార్త. ఒళ్లు తాకి చూసి, "ఒల్లు కాలిపోతాంది! నీళ్లు తేండి, బిందెలు తేండి, బిర్నా!" అని కేకలు పెట్టింది. నేను వంగి చేతి రుమాలుతో విసరబోతే నన్ను భుజంతో తోసింది. "పక్కకు జరుగు మేడం, గాలి రానీ!" ముప్ఫై ఏళ్లలో ఆమె నాతో గొంతెత్తడం అదే మొదటిసారి. కరుణను నీడలోకి లాగి, మెడ మీద, చంకల్లో తడిబట్టలు పెట్టి, బిందెల కొద్దీ నీళ్లు పోయించింది.

అంబులెన్సు నంద్యాల చేరేలోపు కరుణకు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఏదేదో మాట్లాడింది, ఒక్క ముక్క అర్థం కాలేదు. మార్త తడి చున్నీతో విసురుతూనే ఉంది. నేను ప్రార్థన చేద్దామనుకుంటే చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన మాటలే గుర్తు రాలేదు. కిటికీలోంచి ఒక్కో ఊరి బోర్డు వెనక్కి పోతుంటే, ఈ పిల్ల చచ్చిపోతుంది, చంపింది నేనే అని మాత్రం స్పష్టంగా తెలుస్తూ ఉంది.

ఆస్పత్రి వరండా

ఎండదెబ్బ, కిడ్నీల మీద పడింది, రేపటిదాకా ఏమీ చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆటలో నీళ్లు తాగలేదా అని అడిగాడు. నేను నేల చూపులు చూశాను.

కరుణ వాళ్ల నాయన తన ఆటోలోనే అంబులెన్సు వెనకాల వచ్చాడు. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు. నన్ను చూసి నన్నే ఓదార్చాడు. "ఏం గాదు మేడం. మీరుండారు గదా, నాకు బయం ల్యా." తిడితే బాగుండేది. కొట్టినా బాగుండేది. ఆ మాటకు నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆయన మందులు తేవడానికి కిందికి పోయాక వరండాలో నేనూ మార్తా మిగిలాం. ఏదో ఒకటి మాట్లాడకపోతే పిచ్చెక్కేలా ఉంది.

"నువ్వెలా తట్టుకున్నావే, ఆ రోజుల్లో?" అన్నాను.

మార్త ఆ తడి చున్నీని కిటికీ బయటికి పిండింది.

"తట్టుకోల్యా మేడం. తాగినా."

"ఏందీ?"

"సగం ఆట అయినంక బాత్రూంకు పోతాంటి గదా. ఆడ తొట్టిలో నీళ్లు. దోసిట్లో పట్టి తాగేదాన్ని. మొగం తడిసిందేందని నువ్వడిగితే, కడుక్కున్నా అంటి."

"ఎన్నిసార్లు?"

"ప్రతి మ్యాచ్‌లో. టెన్త్‌లో నాకు కామెర్లు యాడ్నుంచి వచ్చినాయనుకున్యావ్?"

ఆ ఏడు మార్త రెండు నెలలు మంచాన పడింది. వాళ్లింటికి పోయి నేనే ప్రార్థన చేసి వచ్చాను.

"ఒక్కసారైనా చెప్పొచ్చు కదే నాకు" అన్నాను.

"నీకు చెప్పేదానికి ఎవురికి దైర్నముండె మేడం? షమీమ్‌కు ఉండె. దాన్నేం జేస్తివి?"

మార్త కళ్లు తుడుచుకుంది. "నీదొక్కదాందే తప్పనుకోవాకు. నిన్న మెట్ల మీద నువ్వు ఆ మాటన్యప్పుడు ఆ పిల్ల నా దిక్కే చూస్తాండె. అబద్దం పాపా, నేను తాగేదాన్ని అని చెప్పింటే అయిపోయేది. చెప్పల్యా. నన్ను అందరికన్నా గొప్పదంటాంటే బాగుండె మేడం. నాకు ఇంకేముంది, అదొక్క పేరే గదా."

కొత్తగా చేరిన అమ్మాయీ, ఇక్కడ నీకు నా తీర్పు చెబుతాను. ఇన్నేళ్లు నేను మూడు కాలాలను ఒక అబద్ధంతో కొలిచాను. ఆ అబద్ధం మార్త చెప్పింది కాదు, నేను చెప్పించింది. పిల్లలు నీకు భయపడితే వాళ్ల నొప్పి నీకు కనపడదు, దాహం కనపడదు, దాచిపెట్టడం వాళ్లకు అలవాటైపోతుంది. దాన్ని క్రమశిక్షణ అనుకుని మనం మురిసిపోతాం. నాలుగో నంబరు ఎవరు గొప్ప అని ఇప్పుడడిగితే షమీమ్ అంటాను. మిగతా ఇద్దరికన్నా బాగా ఆడిందని కాదు. నా మొహం మీద నిజం చెప్పి, ఇటుక తీసి, అందరి ముందు తాగింది. ఆ మాట ఆమె దుకాణానికి పోయి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆమె విని, "సరే మేడం" అని చీరలు మడతపెట్టుకుంటూ ఉండిపోయింది. అంతకన్నా ఏమంటుంది?

మరుసటి పొద్దున

తెల్లారి ఎనిమిదింటికి కరుణ కళ్లు తెరిచింది. వాళ్ల నాయన పరిగెత్తుకుంటూ వరండాలోకి వచ్చాడు. "మేడం, మిమ్మల్నే అడుగుతాంది! అమ్మను గూడా అడగల్యా, మిమ్మల్నే!"

లోపలికి పోవాలంటే, ముందురోజు ఆమె పడిపోయినప్పటికన్నా ఎక్కువ భయం వేసింది. నన్నేమంటుందో, అనకపోతే నేనేమవుతానో. మార్త నా చేయి పట్టుకుని తలుపు దాకా తెచ్చి వదిలింది.

పిల్ల మొహం గుర్తు పట్టలేకుండా ఉబ్బింది. పెదవులు పగిలి పొక్కులు కట్టాయి. నేను దగ్గరికి పోయేసరికి లేవబోయింది. నర్సు ఆపింది.

"మేడం..." అంది. గొంతు గాలిలా వచ్చింది. "నేను తాగల్యా మేడం."

"ఏందమ్మా?"

"నిన్న. బాటిలిచ్చినారు. నేను తాగల్యా. అందర్నీ అడగండి."

నర్సు చిన్న గ్లాసులో నీళ్లు తెచ్చింది. డాక్టరు కొంచెం కొంచెంగా పట్టమన్నాడట. గ్లాసు పెదవులకు ఆనిస్తే కరుణ నోరు బిగించింది. "తాగు తల్లీ" అన్నాడు వాళ్ల నాయన. తాగలేదు. వాళ్ల నాయన్ని దాటి నా వైపు చూసింది.

నర్సు చేతిలో గ్లాసు నేను తీసుకున్నాను. సగం నీళ్లు దుప్పటి మీద ఒలికాయి. మిగిలిన సగం పెదవుల దగ్గర పెట్టి తల ఊపాను. అప్పుడు నోరు తెరిచింది. చివరి గుక్క దాకా నా మొహంలోకే భయంగా చూస్తూ తాగింది.